నాలుగు వందల పద్దెనిమిదో వరుస

రంపం బాబాయి టీ గ్లాసు పక్కన పెట్టి రెండు చేతులూ ఖాళీ చేసుకున్నాడంటే ఇక కోత మొదలైనట్టే. కోతలు కోస్తాడు కాబట్టి వీధి వీధంతా ఆయన్ని రంపం అంటుంది. దానికి ఆయనకి కోపం రాదు సరికదా, "పదునుంది గనక పిలుస్తున్నారు" అని మురిసిపోతాడు.

ఆ సాయంత్రం నాలుగు గంటలకి రీడింగ్ రూమ్ వరండాలో ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. వరండా చివర టీ కొట్టు నడిపే ఆవిడ, అందరూ టీ వదిన అని పిలిచే మనిషి, పాలగిన్నె కింద మంట తగ్గించింది. ఎదురింటి దర్జీ మెడలో టేపుతోనే వచ్చి బెంచీ చివర సర్దుకున్నాడు. రీడింగ్ రూమ్ ప్రెసిడెంటుగారు మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చుని గోడ గడియారం వైపు చూశారు.

గుమ్మంలో నిలబడ్డ అమ్మడు కూడా అటే చూసింది. అమ్మడు బాబాయికి అన్నగారి కూతురు. ముప్పై దాటినా వీధికి ఇంకా అమ్మడే. ఆరేళ్ళుగా రీడింగ్ రూమ్ తాళాలు ఆమె దగ్గరే ఉంటున్నాయి. మామూలు రోజైతే ఆమె కూడా నవ్వుతూ వినేదే. ఈ రోజు నవ్వు రావడం లేదు. ఎందుకో ముందే చెప్పుకుంటే మంచిది, లేకపోతే కథ సగంలో ఆగి అడగాల్సి వస్తుంది.

లోపల ఆరు పాత కంప్యూటర్లున్నాయి. వాటిలో ఉన్న సిస్టమ్ తాలూకు కంపెనీ ఒక ఉత్తరం పంపింది: మీ మెషీన్ల కాలం అయిపోయింది, మా కొత్త సిస్టమ్ వీటిమీద నడవదు, కొత్తవి కొనుక్కోండి అని. కొనే స్థితి ఎక్కడుంది? ప్రెసిడెంటుగారు పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, పని చేయని వస్తువు కళ్ళెదుట ఉంటే ఓర్చుకోలేరు. ఐదింటికి రమ్మని పాత సామాన్ల బండికి కబురు పెట్టేశారు. బండి అప్పుడే వచ్చి గేటు దగ్గర ఆగి ఉంది. ఆ ఆరూ వెళ్ళిపోతే రీడింగ్ రూమ్‌లో మిగిలేవి పత్రికలూ, ఎనిమిది కుర్చీలూ. అక్కడ టైపు నేర్చుకుంటూ, ఉద్యోగాలకి దరఖాస్తులు నింపి ప్రింటు తీసుకుంటున్న ఇరవై ఇద్దరికి ఇక వెళ్ళే చోటుండదు. దర్జీ భార్య ఆ ఇరవై ఇద్దరిలో ఒకతె. ఇప్పుడిప్పుడే ఆవిడకి చూడకుండా టైపు చేయడం వస్తోంది.

ఇక బాబాయి సంగతి. ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు లిఫ్టు మెకానిక్. లిఫ్టు ఆగితే మూత విప్పి, తీగ తీగా తడిమి, అది కదిలేదాకా ఇంటికెళ్ళని మనిషి. చివరి రోజుల్లో ఒక కొత్త లిఫ్టు వచ్చింది. దాని పెట్టెకి సీలు. "తెరవరాదు, మా మనిషినే పిలవండి" అని పైన రాసి ఉంది. ఒక మధ్యాహ్నం ఆ లిఫ్టులో ఇద్దరు మూడు గంటలు ఇరుక్కుపోతే, స్క్రూడ్రైవరు చేతిలో పట్టుకుని బయట ఊరికే నిలబడాల్సి వచ్చింది ఆయనకి. ఆ రోజు నుంచి మూతేసిన యంత్రం అంటే ఆయనకి పగ.

అందుకే అమ్మడు, "బాబాయ్, ఇంకో రకం సిస్టమ్ ఉంది. ఉచితం. దాని లోపల ఏముందో ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు, పదిమందికీ పంచొచ్చు. పాత మెషీన్ల మీద కూడా నడుస్తుందట" అన్నప్పుడు, ఆయన ఒక్కటే అడిగాడు.

"దానికి మూత లేదా?"

"లేదు."

"అయితే అది నాది."

తొమ్మిది రోజులు ఆ గదిలోనే కూర్చున్నాడు. తొమ్మిదో రోజున ఒక మెషీన్ లేచింది. ప్రింటరు కూడా దాని మాట విన్నది. రెండోదానికి అమ్మడు ఈ పొద్దున్నే ఆ సిస్టమ్ ఎక్కించింది, ప్రింటరు సంగతి ఒక్కటే మిగిలింది. "బండికి ఎత్తేముందు ఒక్కసారి వచ్చి చూడండి సార్" అని ఆమె బతిమాలితే ప్రెసిడెంటుగారు వచ్చారు. ఆయన లోపలికి అడుగు పెట్టేలోపే బాబాయి గ్లాసు పక్కన పెట్టేశాడు.

"పెద్ద విషయం కాదు లెండి ప్రెసిడెంటుగారూ," అని ఎంతో వినయంగా మొదలుపెట్టాడు. "చచ్చిపోయిందని ఉత్తరం వచ్చిన మెషీన్‌ని లేపాను, అంతే. వాడెవడండీ ఆయుష్షు రాయడానికి? నేను చేసిందల్లా ఒక పెన్ డ్రైవ్ గుచ్చి మీట నొక్కడం. నొక్కగానే గుమ్మం దగ్గర కాపలావాడు లేచాడు. బూట్‌లోడర్ అంటారు వాణ్ణి. కరెంటు రాగానే అందరికంటే ముందు కళ్ళు తెరిచి, లోపలికి ఏ సిస్టమ్‌ని పంపాలో చూసేవాడు. వాడు నన్ను ఎగాదిగా చూసి, 'పాత సిస్టమ్ ఖాళీ చేయనంటోంది, పొమ్మన్నాను పోవడం లేదు' అన్నాడు. నేను పక్కకి జరగమన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అంది టీ వదిన. ఆవిడ ఎప్పుడూ అడుగుతుంది. అడగకపోతే కథ ఆగిపోతుందని ఆవిడ భయం.

"జుట్టు పట్టుకుని బయట పడేశాను."

"సిస్టమ్‌కి జుట్టుంటుందా మరిదిగారూ?"

"ఉండేది. ఇప్పుడు లేదు." బాబాయి కాలు మీద కాలేసుకున్నాడు. "అప్పుడు లోపల కొత్తది దిగింది. ఇక్కడ మీకు ఒకటి తెలియాలి. ఏ సిస్టమ్‌కైనా నడుమ గింజ లాంటిది ఒకటుంటుంది, కెర్నల్. పెట్టెలో ఉన్న ఇనుముతో, తీగలతో మాట్లాడేది అదొక్కటే. ఎవరికెంత జాగా, ఎవరి వంతు ఎప్పుడు, అన్నీ అదే చూస్తుంది. కానీ మహా బిడియం, మనుషులతో మాట్లాడదు. అందుకని దాని చుట్టూ పెంకులాగ షెల్ ఉంటుంది. మనం నల్లటి కిటికీలో టైపు చేసిన మాట షెల్ విని లోపలికి చేరవేస్తుంది."

కెర్నల్, షెల్ గురించి చెప్పినవన్నీ ఉన్న మాటలే. గుమ్మంలో అమ్మడు ఊపిరి పీల్చుకుంది. ఇక్కడ ఆపితే బాగుండునని మనసులో దండం పెట్టుకుంది.

"నాకు మధ్యవర్తులు పడరు," అన్నాడు బాబాయి. "షెల్‌ని తప్పుకోమని నేరుగా కెర్నల్‌నే పిలిచాను. 'నువ్వెవరు?' అంది. 'నేనెవరో తెలుసా?' అన్నాను. అంతే! లేచి నిలబడింది. నిలబడి రూట్ నా చేతిలో పెట్టింది. రూట్ అంటే ఏమనుకున్నారు? మామూలుగా ఒక్కో ఫైలుకీ ఒక్కో అనుమతి ఉంటుంది, ఇతను చదవొచ్చు, అతను రాయకూడదు అని. రూట్‌కి ఆ లెక్కలేవీ లేవు. ఏ గదైనా తెరుచుకుంటుంది. నాకు ఇచ్చిన రూట్ ఎంత పెద్దదంటే, ఆ మెషీన్ దాటి మిగతా ఐదింటికీ పాకి, గోడ దాటి వీధి దీపాలదాకా వెళ్ళిపోయింది. మొన్న మధ్యాహ్నం పన్నెండింటికి దీపాలన్నీ వెలిగాయా లేదా?"

"వెలిగాయి," అన్నాడు దర్జీ అనుమానంగా. "స్తంభం దగ్గర ఎవరో రిపేరు చేస్తున్నారు కదా."

"రిపేరు అని చెప్పారు. ఏం చెబుతారు మరి, రంపంగారు తుమ్మారని చెబుతారా?"

ప్రెసిడెంటుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అంటే ఇది కొంచెం ప్రమాదకరమైన వ్యవహారమే," అన్నారు మెల్లగా.

ఆ మాట అమ్మడికి గుచ్చుకుంది. బాబాయికి మాత్రం సన్మానంలాగ వినపడింది.

"కొంచెమా! ఇంకా వినండి. తెర వెనక ఎవరికీ కనపడకుండా, ఒక్కో పనికోసం ఒక్కోటి కాచుకుని కూర్చునే చిన్న చిన్న ప్రోగ్రాములుంటాయి. డీమన్ అంటారు. ప్రింటరుకి ఒక డీమన్, గడియారానికి ఒకటి, ఇలా. మన మెషీన్‌లో ప్రింటరు డీమన్ ఉందే, అది నిద్ర లేవనంది. సరే, ఇక కుస్తీ! మూడు రోజులు పట్టాను. అది నన్ను ప్రాసెసర్ మీద పడేసింది, నేను దాన్ని హార్డ్ డిస్కు మీద పడేశాను. దానికి సాయంగా రెండువేల నాలుగు వందల డీమన్లు వచ్చాయి. చొక్కా చేతులు పైకి మడిచాను. అన్నిటినీ వరసగా నిలబెట్టి, ఒకటి చెప్పిన మాట ఇంకోటి వినేలా పైపు వేశాను."

"ఏ పైపు?" అన్నాడు దర్జీ.

"ఒక ఆజ్ఞ ఇచ్చిన ఫలితాన్ని తిన్నగా ఇంకో ఆజ్ఞ నోట్లో పోసే గొట్టం. మామూలువాళ్ళు రెండో మూడో కలుపుతారు. నేను కలుపుతూ పోయాను, కలుపుతూ పోయాను. కిటికీ దాటింది, రోడ్డు దాటింది, నీ కుట్టు మెషీన్‌లోకి దూరింది. ఇక్కడ నేను దరఖాస్తు టైపు చేస్తే అక్కడ నీ చొక్కా జేబు మీద అక్షరాలు కుట్టుకుంటూ వచ్చాయి."

"నా మెషీన్‌కి కరెంటే లేదు బాబాయ్! కాళ్ళతో తొక్కేది."

"అందుకే కదయ్యా రెండు రోజులుగా పిక్కలు లాగుతున్నాయని మూలుగుతున్నావు!"

దర్జీ పిక్క తడుముకున్నాడు. టీ వదిన చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గేటు దగ్గర బండి అతను కూడా దగ్గరికొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. అమ్మడు మాత్రం ప్రెసిడెంటుగారి మొహమే చూస్తోంది. ఆ మొహం మబ్బు పట్టినట్టు మారిపోతోంది.

"బాబాయ్, సార్ లోపలికి వచ్చి చూస్తారేమో," అంది.

"చూస్తారు, చూస్తారు, ఎక్కడికి పోతుంది? అసలుది వినాలి కదా! ఈ సిస్టమ్‌లో ఒక వింత ఉంది. అందులో అంతా ఫైలే. ఉత్తరం ఫైలే, కీబోర్డూ ఫైలే, ప్రింటరూ ఫైలే. నేను ఇంకాస్త లోపలికి వెళ్ళి చూద్దును కదా, మన వీధి కూడా ఫైలే! ఏదో అడ్డంగా ఉందని చెరిపాను. నిన్న మధ్యాహ్నం రెండూ పదికి ఈ టీ కొట్టు లేదు."

"నేనిక్కడే ఉన్నానయ్యా! పాలు కాస్తున్నాను!" అంది టీ వదిన.

"నీకెలా తెలుస్తుంది వదినా? నువ్వూ లేవుగా!"

వరండా పగలబడి నవ్వింది. బాబాయి చెయ్యెత్తి ఆపాడు. మొహం గంభీరంగా పెట్టాడు.

"నవ్వకండి. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. వీధిని తిరిగి పెట్టాలంటే మూల ప్రతి కావాలి. ఆ సిస్టమ్ రాసిన వేలమంది, దేశదేశాల్లో ఉన్నవాళ్ళు, పని ఆపి నావైపు తిరిగారు. 'రంపంగారూ, ఇది మా వల్ల కాదు, తప్పుకుంటున్నాం' అని కాగితం రాసిచ్చారు. నేనొక్కణ్ణే కూర్చుని వీధి మొత్తం తిరగరాశాను. మన దర్జీకి మునుపు బట్టతల ఉండేది. జుట్టు పెట్టింది నేనే. చివరికి భూమి కాస్త మందకొడిగా తిరుగుతోందని ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. ఒక్క క్షణం. ఎవరికీ తెలియలేదు."

"అయితే," అన్నారు ప్రెసిడెంటుగారు, కళ్ళజోడు పెట్టుకుంటూ, "ఇది మామూలు మనుషుల వల్ల అయ్యే పని కాదన్నమాట."

"కానే కాదు!" అన్నాడు బాబాయి తొడ చరిచి. "నాబోటివాడు పుట్టాలి!"

"మీరు లేని రోజున?"

"ఊఁ?"

"మీకు జ్వరం వచ్చిన రోజున, ఊళ్ళో లేని రోజున ఎవరు నడుపుతారు? అమ్మడు నడుపుతుందా? ఈ దర్జీగారి భార్య నడుపుతుందా? పోస్టాఫీసులో మేము ఒకటే చూసేవాళ్ళం, ఒకడు సెలవు పెడితే ఆగిపోయే పని పనే కాదు." ఆయన లేచి నిలబడ్డారు. "మీ విద్య గొప్పదే రంపంగారూ, కాదనను. కానీ అంత విద్య కావలసిన వస్తువు మాకొద్దు. బండి ఇటు తీసుకురావయ్యా."

బండి అతను లేచాడు. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. బాబాయి మొహంలో రంగు పోయింది. తొమ్మిది రోజుల కష్టం ఆయన నోటితోనే బండికెక్కబోతోంది. ఇలాంటప్పుడు ఇంకొకరైతే తగ్గుతారు. ఆయనకి తగ్గడం చేతకాదు. ఆయన దగ్గరున్న పనిముట్టు ఒక్కటే, దాన్నే ఇంకా గట్టిగా తిప్పాడు.

"నేను లేకపోవడమేమిటండీ! జ్వరం నా దగ్గరికొచ్చే ధైర్యం చేస్తుందా? చచ్చినా వచ్చి నడుపుతాను! మెషీన్‌లోనే ఉంటాను!"

"మరీ మంచిది," అన్నారు ప్రెసిడెంటుగారు. "బండి."

అమ్మడు గుమ్మం దిగింది.

చిన్నప్పటి నుంచీ ఆమె ఈ బాబాయి కోతలు వింటూ పెరిగింది. ఎవరైనా వెక్కిరిస్తే ఆయన తరఫున పోట్లాడింది. నలుగురిలో ఆయన మాట కొట్టేయడం ఇంతవరకూ చేయలేదు. కానీ ఈ రోజు ఆయన గొప్ప నిలిస్తే మెషీన్లు నిలవవు. మెషీన్లు నిలవాలంటే ఆయన గొప్ప దిగాలి. రెండూ దక్కే దారి ఆమెకి కనపడలేదు.

"సార్, రెండే రెండు నిమిషాలు," అంది. "అందరూ రండి. బాబాయ్, నువ్వూ రా."

లోపల బాబాయి తొమ్మిది రోజులు కూర్చున్న మెషీన్ వెలుగుతోంది. అమ్మడు నల్ల కిటికీ తెరిచింది.

"సార్, ఈ షెల్‌కి ఒక అలవాటుంది. మనం టైపు చేసిన ప్రతి వరుసా నంబరు వేసి దాచుకుంటుంది. తప్పైనా ఒప్పైనా సరే. చూపించమని అడిగితే దాపరికం లేకుండా చూపిస్తుంది. అడగడానికి కూడా ఒక్కటే మాట, హిస్టరీ."

బాబాయి చెయ్యి గాలిలోకి లేచింది. "అమ్మడూ, అదెందుకిప్పుడు..."

ఆమె అప్పటికే కొట్టేసింది. తెర నిండా వరుసలు బిలబిలమని వచ్చి పడ్డాయి. పైకి జరిపి, చిన్నపిల్లలకి పాఠం చదివినట్టు నింపాదిగా చదవడం మొదలుపెట్టింది.

"ఒకటి, హెల్ప్. రెండు, హెల్ప్. మూడు, హెల్ప్. నాలుగు, ప్లీజ్."

టీ వదిన కిసుక్కుమంది.

"పద్దెనిమిది నుంచి ఇరవై తొమ్మిది వరకూ, ఎగ్జిట్. ముప్పై, బయటికెళ్ళే దారి ఎక్కడ. ముప్పై ఒకటి, హెల్ప్."

"ఒక్క డీమన్ కూడా తగల్లేదే," అన్నాడు దర్జీ. జుట్టు సంగతి ఆయన ఇంకా మరిచిపోలేదు.

"రెండు వందల పన్నెండు, నేనెవరో తెలుసా."

"ఓ, అది నిజంగానే అడిగారా!" అన్నారు ప్రెసిడెంటుగారు. "ఏమంది?"

"ఇందులో మనం అడిగినవే ఉంటాయి సార్, జవాబులుండవు. కానీ అలాంటి ఆజ్ఞ ఏదీ లేదని చెప్పి ఉంటుంది." అమ్మడు గొంతు కొంచెం తగ్గింది. "రెండు వందల పదమూడు, లిఫ్టు మెకానిక్‌ని."

ఎవరూ నవ్వలేదు. బాబాయి గోడ మీది గడియారాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నాడు.

"ఇక్కడి నుంచి ప్రింటరు," అంది అమ్మడు. "ఇవన్నీ చూడండి. రెండు వందల పద్నాలుగు నుంచి నాలుగు వందల పదిహేడు దాకా. ప్రతి వరుసా కిందటిదాని కంటే ఒక్క ముక్క తేడా. అది మార్చి చూశాడు, ఇది తీసి చూశాడు, మళ్ళీ పెట్టి చూశాడు. లిఫ్టులో తీగ తీగా తడిమినట్టే. ఆరు రోజులు సార్. అన్నీ తప్పే. ఇది నాలుగు వందల పద్దెనిమిది." వేలు పెట్టి చూపించింది. "ప్రింటరు డీమన్‌ని లేపు, ఇక మీదట రోజూ అదే లేచేలా చూడు. అంతే. ఒక్క వరుస."

ప్రెసిడెంటుగారు వంగి చూశారు. "ఇంతేనా?"

"ఇంతే. కుస్తీ లేదు, వీధి చెరిగిపోలేదు, భూమి ఆగలేదు. ఇది గొప్పవాళ్ళ పని కాదు సార్, మొండివాళ్ళ పని. ఆ మొండిపట్టు కూడా ఒకళ్ళు పడితే చాలు. మిగతా ఐదింటికీ ఈ వరుస చూసి ఎవరైనా కొట్టుకోవచ్చు. మూత లేని సిస్టమ్ అంటే అర్థం అదే. ఒకరు కనుక్కున్నది అందరిదీ. నమ్మకపోతే ఆ రెండో మెషీన్ ముందు మీరే కూర్చోండి."

"నేనా? నేనెప్పుడూ..."

"అందుకే మీరు."

బండి అతను కుర్చీ జరిపాడు. ప్రెసిడెంటుగారు కూర్చుని, ఒక్క చూపుడువేలితో, ఒక్కో అక్షరానికీ పక్క తెర చూసుకుంటూ, పెదాలు కదుపుతూ కొట్టారు. సిస్టమ్ పాస్‌వర్డ్ అడిగింది. రూట్ అధికారం అసలు ఉన్నది ఆ పాస్‌వర్డ్‌లోనే, అది మొదటి నుంచీ అమ్మడి దగ్గరే ఉంది. ఆమె వంగి కొట్టింది. తర్వాత ఏదో ఒక కాగితం ప్రింటు చేయమంది. ప్రెసిడెంటుగారు మీట నొక్కారు.

మూల ఉన్న ప్రింటరు ఒకసారి దగ్గింది. ఒకసారి మూలిగింది. కాగితం బయటికొచ్చింది. దర్జీ భార్య ఈ పొద్దున్నే ఆ మెషీన్‌లో నింపి పెట్టుకున్న ఉద్యోగం దరఖాస్తు అది. దర్జీ రెండు చేతులతో అందుకున్నాడు. కాగితం ఇంకా వెచ్చగా ఉంది.

అమ్మడు బాబాయి వైపు తిరిగింది. "బాబాయ్, నేను..."

"మాట్లాడకు," అన్నాడు ఆయన. తెర దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. ఆ నంబర్లన్నీ పై నుంచి కిందికి చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగా ఆయన మెడ నిలబడింది, భుజాలు వెనక్కి వెళ్ళాయి.

"నాలుగు వందల పదిహేడు," అన్నాడు. "లెక్కపెట్టుకోండి. నంబర్లు వేసి మరీ ఉంది, నేను చెప్పింది కాదు, అదే చెబుతోంది. నాలుగు వందల పదిహేడు సార్లు తప్పు చేసి లేచి వెళ్ళిపోని మనిషిని ఇంకొకణ్ణి చూపించండి! కాలం అయిపోయిందని ఉత్తరం రాసినవాణ్ణి రమ్మనండి, వాడికి చదివి వినిపిస్తాను!"

టీ వదినే మొదట తల ఊపింది. "ఇది మాత్రం కోత కాదు," అంది.

ప్రెసిడెంటుగారు ఆ మాటలేవీ వింటున్నట్టు లేదు. రెండో మెషీన్ ముందే కూర్చుని, ఆ నల్ల కిటికీలో ఒక్కో అక్షరం ఏరుకుని హిస్టరీ అని కొట్టారు. ఒకటో నంబరు పక్కన ఆయన కొట్టిన వరుస వచ్చింది. చూసి కుర్చీలో వెనక్కి వాలారు.

"బండి తిప్పుకోవయ్యా," అన్నారు బండి అతనితో. "ఇక్కడ పాత సామాను ఏమీ లేదు. ఇదిగో, చూశావా? రంపంగారికి నాలుగు వందల పద్దెనిమిది పట్టింది. నాకు ఒకటి. కూర్చున్నాను, కొట్టాను, లేచింది! ఒక్క దెబ్బ! పోస్టాఫీసులో కూడా నేను ఇంతే, ఒకసారి తంతి యంత్రం ఆగిపోతే..."

టీ వదిన అప్పుడే చేతికందించిన టీ గ్లాసుని ఆయన పక్కన పెట్టేశారు.

బాబాయి వచ్చి ఆయన కుర్చీ వెనక నిలబడ్డాడు. నెమ్మదిగా వంగి, పక్క తెర మీద నాలుగు వందల పద్దెనిమిదో వరుసకి వేలు ఆనించాడు.

"ఆ ఒక్క దెబ్బా ఎక్కడి నుంచి చూసి కొట్టారో ఇక్కడ నంబరు వేసి ఉంది ప్రెసిడెంటుగారూ," అన్నాడు. "చదివి వినిపించమంటారా?"